క్లేటన్ బావ ఇంకో పూత

మా బావ క్లేటన్ థర్లోకి ఒక తెరచాప పడవ ఉంది. ఆ ముక్క ఆయన ఎవరడిగినా, అడక్కపోయినా చెబుతాడు. పోయిన ఏటిదాకా అది ఏడు వేసవులు నీళ్ల మొహమే చూడలేదన్న ముక్క మాత్రం మేమే చెప్పాలి.

హ్యాడ్లీ కోవ్ అనే చిన్న సముద్రపు పాయ ఒడ్డున, పడవల యార్డులో క్రేను నడిపేది నేను. మంచు కరిగి దారులు బురదైనప్పటి నుంచి జూన్ చివరిదాకా నాకు ఒకటే పని. చలికాలమంతా జాకీల మీద నిలబడ్డ పడవల్ని పట్టీలు వేసి ఎత్తి సముద్రంలో దించాలి. మా యార్డులో అన్నీ ముసలి పడవలే, వాటి యజమానులూ అదే వయసువాళ్లు. మే నెల వచ్చిందంటే అందరి మోకాళ్ల మీదా పడవ అడుగుకి వేసే ఎర్ర రంగు, జుట్టు నిండా ఉప్పుకాగితం దుమ్ము, నోటి నిండా తిట్లు. ఎవరి పడవ దిగితే ఆ రోజు వాళ్లు యార్డందరికీ డోనట్లు తేవాలి. ఎవరు పెట్టారో తెలియదు గానీ, డోనట్లు పంచకుండా దించిన పడవకి ఆ ఏడు గాలి దొరకదని మా నమ్మకం. మా బావ ఏడేళ్లపాటు అందరి డోనట్లూ తిన్నాడు. ఒక్కసారీ తెచ్చింది లేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఇన్సూరెన్సు కంపెనీ తరఫున జనం ఇళ్ల కప్పులెక్కి లోపాలు వెతికాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకితే జీతమిచ్చే ఉద్యోగమన్నమాట. రిటైరయ్యాక ఎక్కడానికి కప్పులు లేకుండా పోయాయి. సరిగ్గా అప్పుడే మా నాన్న ఎల్డన్ బీల్ తన పడవని కూతురికీ అల్లుడికీ ఇచ్చేశాడు. అది మా అమ్మ కోసం నాన్న స్వయంగా కట్టిన చెక్క పడవ. పేరు కూడా అమ్మ పేరే, విల్మా. అమ్మ పోయాక కూడా నాన్న ఏటా దాన్ని దించాడు, తిప్పాడు. నడుం పట్టేయడంతో ఇక చెక్క గీకలేనని బావ చేతిలో పెట్టాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అలాగైంది.

బావ ఏం చేశాడంటే, పడవని షెడ్డులో పెట్టి వార్నిష్ వేయడం మొదలుపెట్టాడు. మొదటి వేసవి మూడు పూతలు. రెండో వేసవికి వాటి మీద దుమ్ముపడిందని గీకి మళ్లీ వేశాడు. మూడో ఏడు ఎక్కడో ఈగ అంటుకుందట, అదీ గీకాడు. వార్నిష్ తొందరగా ఆరడానికి షెడ్డులో కట్టెల పొయ్యి కూడా పెట్టించాడు. పడవల మధ్యలో నడుస్తూ, చేతిలో కాఫీ, చంకలో కుంచె, ఊరందరికీ వైద్యం చేసేవాడు.

"మార్జరీ, ఆ అడుగు రంగు పల్చగా ఉంది. సముద్రం నిన్ను క్షమించదు."

మార్జరీ పిండర్ మా ఊరి బళ్లో పిల్లల్ని వణికించి రిటైరైన పంతులమ్మ. పడవ కిందనుంచి తల బయటపెట్టి అనేది: "నా సంగతి సముద్రం చూసుకుంటుంది క్లేటన్. నీ సంగతి దానికింకా తెలియదు కదా!"

బావకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. నిమ్మకు నీరెత్తినట్టు పక్క పడవ దగ్గరికి వెళ్లేవాడు.

పోయిన ఏప్రిల్‌లో ఒక శనివారం అందరం అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. మా లోయిస్ అక్క బెల్లప్పాకంలో ఉడికించిన చిక్కుడు గింజలు వడ్డిస్తోంది. నాన్న తినడం ఆపి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు: "శరత్కాలంలో తుంటి ఎముక మారుస్తారట. ఆ తర్వాత పడవలెక్కడాలు మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఈ వేసవి విల్మాని దించితే, చుక్కాని పట్టుకుని ఒక్కసారి ఆ ఎదురుగా ఉన్న గొర్రెల దీవి చుట్టి వచ్చేస్తాను. అంతే."

నాన్న ఎవరినీ ఏదీ అడగడు. ఉప్పు కావాలన్నా లేచి తెచ్చుకుంటాడు. అందుకే గరిటె పట్టుకున్న అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది.

"జూన్‌కల్లా దింపేస్తాను మావయ్యగారూ! నాది పూచీ," అన్నాడు బావ.

జూన్ వచ్చింది. అందరి పడవలూ దిగుతున్నాయి. రోజూ డోనట్లే. నేను షెడ్డు దగ్గరికి వెళ్లి అడిగాను: "ఏం బావా, పట్టీలు తెమ్మంటావా?"

"ఇంకో పూత, వెస్లీ. ఒక్క పూత. గాలిలో తేమ ఎక్కువగా ఉంది, ఆరాలి."

"సముద్రం పక్కన తేమ ఉండక పొడి ఉంటుందా? ఇంతకీ అది పడవా, ఇంట్లో పెట్టుకునే బల్లా?"

"నీకు క్రేను ఒక్కటే తెలుసోయ్. లోతు తెలియదు," అన్నాడు. ఏడేళ్లుగా అరికాలి లోతు నీళ్లలో దిగని మనిషి నాకు లోతు గురించి చెప్పాడు! ఒళ్లు మండిపోయింది.

మర్నాడు నాన్న తనే వచ్చాడు. చేతికర్ర పొడుచుకుంటూ షెడ్డులోకి వెళ్లి విల్మా చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. నిజం చెప్పొద్దూ, పైనంతా అద్దంలా మెరుస్తోంది. తల దువ్వుకోవచ్చు. కానీ నాన్న పైన చూడలేదు. వంగలేక వంగి, పొట్ట పలకల మీద బొటనవేలు పెట్టి జరుపుకుంటూ వెళ్లాడు. ఎడమవైపంతా పలకల మధ్య కత్తి దూరేంత సందులు. కుడివైపుకి రాగానే వేలు ఆగింది. అక్కడ సందు లేదు. నున్నగా, గోడలా ఉంది.

"ఇదేంటి అల్లుడూ?"

బావ ఛాతీ విప్పారింది. "సందులన్నీ పూడ్చేశాను మావయ్యగారూ. లప్పం కాదు, రాయిలా గట్టిపడే జిగురు. చుక్క నీరు కూడా దూరదు. రేపు ఎడమవైపు పూర్తి చేస్తాను."

నాన్న అక్కడే ఒక బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. నాకు మొహం చూడగానే అర్థమైంది. చెక్క పడవ ఒడ్డున ఎండి ముడుచుకుంటుంది, నీళ్లలో తడిసి ఉబ్బుతుంది. ఉబ్బిన పలకకి ఒదగడానికి చోటు కావాలి. అందుకే సందులో పత్తి కొట్టి, మీద మెత్తటి లప్పం పెడతారు. చెక్క ఉబ్బితే లప్పం బయటికొస్తుంది, పలకలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. సందులో రాయి పెడితే పలక ఎటు పోతుంది? లోపలి పక్కటెముకల్ని విరిచి తన చోటు తను చూసుకుంటుంది. వార్నిష్ ఆరాలని పొయ్యి పెట్టింది ఆయనే, ఆ వేడికి పలకలు ఎండి నోళ్లు తెరిస్తే ఆ నోళ్లలో రాళ్లు కుక్కిందీ ఆయనే!

"బావా, ఇలాగే నీళ్లలో దించితే నాలుగు రోజుల్లో మా అమ్మ పేరున్న పడవ పక్కటెముకలు పటపటా విరిగేవి తెలుసా?" అని నేను గట్టిగానే అరిచాను.

"ఊరుకోరా," అన్నాడు నాన్న. తర్వాత మెల్లగా, "ఈ వేసవికి అయ్యేట్టు లేదులే," అన్నాడు. ఆ మాట అని కర్ర తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

బావ మొహం మీద నెత్తురు చుక్క లేదు. చేతిలో కుంచె ఉందన్న సంగతే మరిచాడు, వార్నిష్ బూట్ల మీద కారుతోంది. తడిసిన కోడిలా నిలబడ్డ మనిషిని ఎంతసేపని తిడతాం? జిగురు గీకి చూశాను. కుడివైపు పొయ్యికి దూరంగా, షెడ్డు చలి మూలలో ఉండటంతో ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు. గీకితే వస్తుంది, కాకపోతే ఒక్కడివల్ల అయ్యే పని కాదు. వెళ్లి మార్జరీకి చెప్పాను. అంతే, బావ దగ్గర ఉచిత సలహాలు తిన్నవాళ్లంతా సందులు గీకే కొక్కీలు పట్టుకుని బయల్దేరారు.

వాళ్లు సాయం చేశారు. ఊరికే చేయలేదు.

"క్లేటన్, ఆ సందు లోతుగా గీకు. సముద్రం నిన్ను క్షమించదు," అంది మార్జరీ.

"అలా వంకరగా పట్టుకోకోయ్! కొక్కీ అంటే ఏమనుకున్నావ్?" అన్నాడు పక్క పడవ యజమాని హోల్మన్. ఆయనకి బావ మూడేళ్లపాటు కుంచె పట్టుకోవడం నేర్పాడు.

బావ పడవ కింద వెల్లకిలా పడుకుని, కళ్లలో దుమ్ము పడుతున్నా వాళ్లు చెప్పినట్టల్లా గీకాడు. అక్క పొయ్యిలో నీళ్లు కుమ్మరించి దాన్ని షెడ్డు బయట పడేసింది. అందరూ వెళ్లిపోయాక కూడా బావ గీకుతూనే ఉన్నాడు. ఆ వారమంతా అలాగే సాగింది. తర్వాత సందుల్లో పత్తి కొట్టాం, లప్పం పెట్టాం. మార్జరీ అడుగు రంగు వేసింది, కావాలనే పల్చగా.

దించే రోజున నాన్నని తీసుకొచ్చి పడవలు ఆగే ధక్కా మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. నేను విల్మాని ఎత్తి మెల్లగా నీళ్లలోకి వదిలి, పట్టీలు మాత్రం తీయలేదు. ఇంతకాలం ఎండిన పడవని పట్టీల్లోనే వేలాడదీసి నాననిస్తాం. పడవ లోపల పంపు పెట్టుకుని బావ కూర్చున్నాడు.

నీళ్లు చెమ్మలా రాలేదు. ప్రతి సందులోంచీ ధారలు కట్టి వచ్చాయి.

"ములిగిపోతోంది! వెస్లీ, ఎత్తెయ్! ఎత్తెయ్‌రా!" బావ గొంతు కీచుమంది. పంపు బురబురలాడుతోంది, నీళ్లు ఆయన మోకాళ్ల దగ్గరికి వచ్చాయి.

నా చెయ్యి మీట మీద ఉంది. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు.

"ఎత్తావంటే నేను నీ తండ్రిని కాను," అన్నాడు నాన్న కుర్చీలోంచి. "ఏడేళ్ల దాహంరా దానిది. తాగనీ."

తాగింది. బావ పంపు కొట్టాడు, చేతులు పడిపోతే అక్క దిగి కొట్టింది, తర్వాత మార్జరీ. మధ్యాహ్నానికి ధారలు చుక్కలయ్యాయి. మర్నాడు పొద్దున్నకి పలకలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. అప్పుడప్పుడు నాలుగు దెబ్బలు పంపు కొడితే సరిపోతోంది. నేను పట్టీలు తీసేశాను.

నాన్నని నేనూ బావా చెరో రెక్కా పట్టి ఎక్కించాం. ఆయన కర్రకి కింద ఇనుప మొన ఉంది. కూర్చునే బల్ల మీద కర్ర జారి, అద్దంలాంటి వార్నిష్ మీద జానెడు గీత పడింది. బావ కళ్లు మూసుకున్నాడు.

"ఎన్ని పూతలు అల్లుడూ?" అడిగాడు నాన్న.

"తొమ్మిది మావయ్యగారూ."

"తొమ్మిది వేసినా గీత పడుతోందే!"

అక్క నవ్వాపుకోలేక తాడు వదిలేసింది.

తెరచాప ఎత్తాక తెలిసింది అసలు సంగతి. బావకి ప్రతి తాడు పేరూ తెలుసు, ఏది లాగితే ఏమవుతుందో తెలియదు. నాన్న ఒకటి లాగమంటే ఇంకోటి లాగాడు. కోవ్ దాటి మొదటి అల తగలగానే మొహం పచ్చబడింది, పడవ అంచు మీదకి వంగి పొద్దున తిన్నదంతా సముద్రానికి ఇచ్చేశాడు. మూతి తుడుచుకుని పంపు దగ్గర కూర్చుని అన్నాడు: "భయం మావయ్యా. మీరు కట్టిన పడవ నా చేతుల్లో ములిగితే ఏ మొహం పెట్టుకుని మీ ముందుకు రాను? ఒడ్డున ఉంటే ములగదు కదా అనుకున్నాను."

"ములిగితే ఇంకోటి కట్టించేవాణ్ణి. అప్పుడు పడవెక్కే కాళ్లున్నాయి," అన్నాడు నాన్న. కోపంగా అనలేదు. అందుకే అది బావకి బాగా తగిలింది. తల దించుకుని పంపు కొట్టాడు.

నాన్న చుక్కాని కర్ర పట్టుకున్నాడు. తొంభై దగ్గరపడ్డ ఆ చేతులు కాఫీ కప్పు పడితే వణుకుతాయి, చుక్కాని పడితే వణకలేదు. గొర్రెల దీవి వెనక్కి వెళ్లాం, ఎండ పడ్డ రాతి మీద నున్నటి సీల్ జంతువులు పడుకున్నాయి.  నేను నాన్నవైపు చూడలేకపోయాను. దీవి చుట్టూ తిరిగి, కోవ్ మొగ కనిపించగానే నిట్టూర్చి, "సరే, పదండి. అడిగినదైపోయింది," అని పడవని ఒడ్డువైపు తిప్పబోయాడు.

బావ పంపు ఆపాడు. మొహం ఇంకా పచ్చగానే ఉంది. పెదాల మీద ఉప్పు.

"మావయ్యా," అన్నాడు, "ఇంకో చుట్టు."

"నీ వల్ల కాదులే అల్లుడూ. నీ వార్నిష్ కూడా పోతోంది, చూడు."

"పోనివ్వండి. ఇంకో చుట్టు వేద్దాం."

నాన్న ఆయన మొహంలోకి చూసి, చుక్కాని వెనక్కి తిప్పాడు. గాలి పడిపోయేదాకా తిరుగుతూనే ఉన్నాం. వెనక్కి వస్తుంటే బావ తెడ్డు వేశాడు, అడ్డదిడ్డంగా.

ఆపరేషన్ అయ్యాక నాన్న మళ్లీ పడవెక్కలేదు. ధక్కా మీద కుర్చీలోంచే అందర్నీ తిడతాడు. ఈ ఏడు మా యార్డులో అందరికంటే ముందు దిగిన పడవ విల్మా. బావ డోనట్లు తెచ్చాడు, అంతకుముందు తిన్నవాటన్నిటికీ సరిపోయేట్టు పెట్టెలకు పెట్టెలు. చేతులు నాకుతూ మళ్లీ పడవల మధ్య తిరుగుతున్నాడు. ఇప్పుడాయన సలహా వేరు: "అన్నేసి పూతలెందుకు మార్జరీ, దించెయ్!" ఆవిడ పళ్లు కొరుకుతోంది.

బల్ల మీద గీత అలాగే ఉంది. ఈసారి వార్నిష్ వేసినప్పుడు చుట్టూ వేసి, దాన్ని మాత్రం వదిలేశాడు.