మా తీరానికి సైరన్ ఎంచిన రోజులు

మొన్న తెనాలిలో కళ్ళజోళ్ళ కొట్లో కూర్చుని ఉండగా నా సంచిలోని ఫోను, కొట్టాయన ఫోను, పక్కన కూర్చున్నావిడ ఫోను, బయట ఆటోవాళ్ళ ఫోన్లు అన్నీ ఒక్కసారిగా గీపెట్టాయి. తీసి చూస్తే, అది ప్రభుత్వం వారు పరీక్ష కోసం పంపిన హెచ్చరిక అనీ, ఎవరూ ఏమీ చేయనక్కర్లేదనీ రాసి ఉంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకుని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. నేను మాత్రం వచ్చిన పని మరిచిపోయి, ఈ మోత జోరువానలో వినపడుతుందా, కరెంటు లేని ఊళ్ళో దీని గతేమిటి అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా ఆ జబ్బు నన్ను వదల్లేదు.

నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో తుఫాను కబురంటే రేడియో ఒక్కటే దిక్కు. మా పిన్నిని నిజాంపట్నం వైపు పల్లెలో ఇచ్చారు. పెద్ద ఉప్పెన వచ్చిన రోజు ఆమె ఇంట్లోనూ రేడియో మోగుతూనే ఉందట. వాయుగుండం వాయవ్య దిశగా కదిలి తీరాన్ని దాటే అవకాశం ఉందని అందులో చెబుతుంటే, ఎక్కడో దాటిపోతుందటలే అనుకుని పిన్ని పొయ్యి మీద ఎసరు పెట్టుకుందని, బతికి బయటపడ్డ పొరుగావిడ తరువాత మా అమ్మకు చెప్పింది. రేపల్లె మిషన్ బడిలో తెలుగు చెప్పే మా నాన్న ఆ తరువాత చాలా రోజులు పెద్ద మాటలు మానేసి, పాఠం కూడా చిన్న చిన్న ముక్కల్లోనే చెప్పేవారు.

నేను ఎలక్ట్రికల్ చదివి, బాపట్లలో జూనియర్ ఇంజనీరుగా చేరిన కొత్తల్లో, సముద్రం పక్క ఊళ్ళకు సైరన్లు పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పని మా పై ఇంజనీరు గారికి అప్పగించారు. ఆయన అంతకుముందు వేరే రాష్ట్రంలో ఒక అణువిద్యుత్ కేంద్రం చుట్టుపక్కల ఊళ్ళకు సైరన్లు ఎంపిక చేసి వచ్చిన మనిషి. జీపులో వెళుతుంటే అక్కడి సంగతులు చెప్పేవారు. అక్కడ మొదటిసారి పరీక్షగా సైరన్ మోగించినప్పుడు, ఇళ్ళలోకి వెళ్ళి తలుపులు బిగించుకోవలసిన జనమంతా ఆ మోత ఎక్కడిదో చూద్దామని వీధుల్లోకి వచ్చి నిలబడ్డారట. పరీక్ష కాబట్టి సరిపోయింది గాని, నిజంగా విషగాలి వచ్చి ఉంటే ఏమయ్యేదని తలచుకుని ఆయన ఎన్నో రోజులు నిద్రపోలేదట. అక్కడ సైరన్ ఇంట్లోకి పొమ్మనాలి, ఇక్కడేమో ఇల్లు వదిలి పొమ్మనాలి. కూత మాత్రం రెండు చోట్లా ఒకటే అనేవారు. అప్పట్లో ఆ మాట నాకు పూర్తిగా ఎక్కలేదు.

పరీక్షకు మూడు రకాలు తెప్పించాం. ఒకటి రైసుమిల్లుల్లో ఉండేలాంటి మోటారు సైరన్, ఇంకొకటి గాలి బిగించి ఊదే బూర, మూడోది బ్యాటరీ మీద నడిచే, కూతతో పాటు మాట కూడా వినిపించగల లౌడ్‌స్పీకర్ల గుత్తి. వాటిని ట్రాక్టరు మీద వేసుకుని ఊరూరా తిరుగుతూ బడి మేడల మీదికి ఎక్కించేవాళ్ళం. నేను శబ్దం కొలిచే మీటరు పట్టుకుని ఉప్పుమళ్ళ గట్ల మీద, తాటితోపుల్లో, తలుపు వేసిన గుడిసెల్లో నిలబడి అంకెలు రాసుకునేదాన్ని. గాలి వాలులో మైళ్ళ దూరం పోయిన మోత గాలికి ఎదురు నాలుగు వీధులు దాటేసరికే చచ్చిపోయేది. ఆడపిల్ల ఇంజనీరు ఎండలో ఏదో పెట్టె పట్టుకుని నిలబడిందని చూడడానికి వచ్చిన జనం మాటల మోత కూడా ఆ అంకెల్లో కలిసిపోయేది.

అంకెల ప్రకారం మోటారు సైరనే గెలిచింది. ఒక పల్లెలో దాన్ని మోగించాక, రొయ్యలు ఎండబోస్తున్న ఒక పెద్దామె దగ్గరికి వెళ్ళి వినపడిందా అని అడిగాను.

“వినపడకేం అమ్మా, ఐసు ఫ్యాక్టరీ కూతేగా. కూసింది, ఊరుకుంది.”

అది తుఫాను సైరన్ అని చెప్పాను. ఆమె చేతిలోని చేట కింద పెట్టి నన్ను తేరిపార చూసింది.

“అట్టాగా. అయితే అది కూసేది పొమ్మనా, ఉండమనా? పొమ్మనైతే ఎటు పొమ్మని?”

నేను మీటరు వంక చూసుకున్నాను. మీటరులో ఉన్న అంకె చాలా పెద్దది, అంతే. నాకు మా పిన్ని ఎసరు గుర్తొచ్చింది.

ఎంపిక సమావేశానికి పైనుంచి ఒక పెద్దాయన వచ్చారు. మోటారు సైరన్ మొండిది, ఎవరైనా బాగుచేస్తారు, గట్టిగా అరుస్తుంది, ఇంకేం కావాలన్నారు. నేను లేచి నిలబడ్డాను. తుఫానుకు ముందు పోయేది కరెంటేనండీ అన్నాను. ఆ తరువాత ఆ పెద్దామె అడిగిన ప్రశ్నను ఆమె మాటల్లోనే చెప్పాను. ఆ పెద్దాయన, మాట్లాడే సైరన్ పాడైతే బాగుచేసే దిక్కెవరని అడిగారు. “ఈ అమ్మాయి నేర్చుకుంటుందండి, పూచీ నాది,” అన్నారు మా ఇంజనీరు గారు. అలా ఆ పని నా మెడకు చుట్టుకుంది. ఇష్టంగానే చుట్టుకున్నాను.

చెప్పవలసిన మాట ఆఫీసులో తయారైంది. ప్రజలు తక్షణమే సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్ళవలసిందిగా కోరడమైనది అని మొదలయ్యే పేజీడు కాగితం. దాన్ని తీసుకెళ్ళి పెద్దామెకు చదివి వినిపించాను. “ఇంత చెబితే గాలిలో ఏం మిగులుతుందమ్మా? మీ ఇంట్లోవాళ్ళనైతే ఎట్టా పిలుస్తావో అట్టా పిలువు,” అంది. చివరికి మిగిలింది రెండే ముక్కలు: నీళ్ళొస్తున్నాయి, బడి మేడెక్కండి. గుక్క తిప్పుకుని మళ్ళీ అదే. రికార్డు చేయడానికి ఎవరూ దొరక్కపోతే నా గొంతే పెట్టాం.

రెండేళ్ళు తిరక్కుండానే తుఫాను వచ్చింది. పొద్దున్నే కరెంటు పోయింది. మధ్యాహ్నం మా ఇంజనీరు గారూ నేనూ ఆ పల్లెకు వెళ్ళేసరికి బ్యాటరీ మీద నా గొంతు మోగుతూనే ఉంది. ఆ హోరులో ‘బడి’ అన్న ఒక్క మాటే తేలి వస్తోంది, మిగతాదంతా గాలి మింగేస్తోంది. అయినా జనం పిల్లల్ని చంకనేసుకుని, మేకల తాళ్ళు పట్టుకుని బడి వైపే నడుస్తున్నారు. పెద్దామె ఇంటింటి తలుపూ కొట్టి, ముసలివాళ్ళను ముందు పెట్టుకుని అందరికంటే ఆఖరున వచ్చింది. మేం తిరిగి వెళ్దామంటే అప్పటికే దారి మునిగింది. జీపు బడి ముందే వదిలేసి మేమూ మేడెక్కాం.

తెల్లారేసరికి బడి మెట్లు సగం వరకూ నీళ్ళు. గుడిసెలు పోయాయి, పడవలు పోయాయి, మా జీపు కూడా పోయింది. ఆ ఊరి చర్చి ఉపదేశి గారు, గుడి పూజారి గారు కలిసి ఇంటింటివాళ్ళనూ పేరుపేరునా పిలిచి లెక్క చూశారు. ఒక్క మనిషి కూడా తగ్గలేదు. మా ఇంజనీరు గారు గోడ వైపు తిరిగి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తడిసిన బియ్యంతో ఒకే గుండిగలో గంజి కాస్తే, అంతకుముందు ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్ళు కూడా ఆకలి మీద వరసగా కూర్చుని తాగారు. నా గ్లాసు పెద్దామె నింపింది. ఉప్పు లేదు, ఏమనుకోకమ్మా అంది. అంత రుచైన గంజి నేను మళ్ళీ తాగలేదు.

ఆ పెద్దామె పోయి చాలా కాలమైంది. పోయిన ఏడాది మా వారితో కలిసి ఆ వైపు వెళితే, ఊరంతా డాబాలే కనిపించాయి. తుఫాను కబురు ఇప్పుడు రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. బతుకు బాగుపడింది, మనుషుల ప్రాణాలు దక్కుతున్నాయి, నాలాంటిదానికి అంతకన్నా కావలసింది లేదు. ఒక ఇంటి ఇల్లాలు మమ్మల్ని పైకి తీసుకెళ్ళి తమ కొత్త మేడ చూపించి, ఇప్పుడు ఎంత నీరొచ్చినా మేం ఎక్కడికీ పోనక్కర్లేదండి అని సంతోషంగా చెప్పింది. నాకూ సంతోషమే కలిగింది. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్నావిడ ఎవరని మాటవరసకు అడిగాను. వచ్చి రెండేళ్ళవుతోందండి, పేరు మాత్రం తెలియదు అంది.