రెండు రోజుల మాస్టారు

మాస్టారికి ఏ సంగతైనా పూర్తిగా చెప్పడానికి రెండు రోజులు పడుతుంది. నత్తి లేదు, మతిమరుపు లేదు. అది ఆయన వృత్తిధర్మం.

సముద్రాన్ని కంప్యూటర్లో పెట్టాలంటే ఎక్కడో ఒకచోట కోసెయ్యాలి. కోసిన అంచున గోడ ఉండదు, నీళ్ళే. అవతలి సముద్రం నుంచి రావలసిన ఆటుపోట్లను అక్కడ మనమే అందించాలి. మొదటి గంటలోనే మొత్తం పోటు తోసేశామా, లోపలి నీళ్ళు బెదిరిపోయి రోజుల తరబడి ఎగిరిపడతాయి. అందుకే రెండు రోజులపాటు కొంచెం కొంచెంగా పెంచాలి. ఈ నియమాన్ని పాతికేళ్ళు పాటించిన మాస్టారు, మనుషులు కూడా నీళ్ళలాంటివాళ్ళేనని తేల్చుకున్నారు.

ఆయన విభాగానికి పెద్ద అయినప్పుడు, ఆఫీసుకి ఏదో కవరొచ్చిందని భార్యతో సోమవారం అన్నారు. అందులో కాగితం ఉందని మంగళవారం అన్నారు. "పక్కింటావిడ పొద్దున్నే అభినందించి వెళ్ళిందండీ," అందావిడ. "మీరింకా కాగితం మడత విప్పలేదు."

కంప్యూటర్ గదిలో పొగ వచ్చిన రోజున డైరెక్టరు దగ్గరికెళ్ళి, ఇక్కడ కాస్త ఉక్కగా లేదూ అని అడిగారు. డైరెక్టరు ఫ్యాను పెంచుకున్నారు. పై అంతస్తులో ఇంకొంచెం ఎక్కువగా ఉందని మాస్టారు అనేసరికి, కిటికీ కింద ఫైరింజను గంట కొడుతోంది.

కొత్తగా చేరిన పరిశోధకురాలికి ఈయనంటే ఒళ్ళుమంట. పైగా ఆమె పీకలమీదికి వచ్చి ఉంది. బుధవారం సమీక్షలో ఆమె కంప్యూటర్లో కట్టిన రేవు నమూనా నిలబడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే నెలాఖరుకి ఇంటికే. నమూనాలో పోటు, రేవులో కొలిచినదానికన్నా అయిదున్నర గంటలు ముందే వచ్చేస్తోంది. అంచు లెక్కను మూడుసార్లు తిరగరాసింది. ఆ అయిదున్నర గంటలూ కదల్లేదు.

మంగళవారం మధ్యాహ్నం గత్యంతరం లేక మాస్టారికి చూపించింది. ఆయన అరనిమిషం చూసి, ఆ గోడ గడియారం సరిగ్గా నడుస్తోందా అని అడిగి వెళ్ళిపోయారు. సాయంత్రానికి సమీక్ష శుక్రవారానికి మారిందని కబురొచ్చింది. అదృష్టం అనుకుంది.

బుధవారం మళ్ళీ వచ్చారు. దూరదేశంలో చుట్టాలకి ఫోన్ చేసేముందు అక్కడెంతైందో చూసుకుంటావా అని అడిగారు.

"నాకు చుట్టాలూ లేరు మాస్టారూ, టైమూ లేదు."

గురువారం టీ కప్పుతో నిలబడి, "రేవువాళ్ళు పోటు వేళ రాసేది ఎవరి గడియారం చూసమ్మా?" అన్నారు.

ఆమె వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. అంచున తను అందించే పోటు ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంది. రేవువాళ్ళ కొలతలు స్థానిక కాలంలో ఉన్నాయి. అంచులో ఏ తప్పూ లేదు. ప్రోగ్రాములో ఒక్క వరుస దిద్దగానే తెరమీద నమూనా గీతా, రేవు కొలతల గీతా ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి.

శుక్రవారం తప్పును తానెలా పట్టుకున్నదీ ఆమె తలెత్తుకుని చెప్పింది. ఉద్యోగం ఖాయమైంది. మాస్టారు చప్పట్లు మెల్లగా మొదలుపెట్టి, అందరూ ఆపాక జోరందుకున్నారు.

వరండాలో డైరెక్టరు ఆమెను ఆపారు. "మంగళవారం మీ మాస్టారికేమైందమ్మా? తలుపు తోసుకొచ్చి, 'సమీక్ష శుక్రవారానికి మార్చండి' అని ఒక్క ముక్కలో చెప్పేసి పోయారు. ఎవరో పోయారనుకుని హడలిపోయి మార్చేశాను."

ఆమె తిన్నగా మాస్టారి బల్ల దగ్గరికెళ్ళింది. "చూసిన రోజే మీకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పేస్తే అది మీరు పట్టిన తప్పయ్యేది. అందుకేగా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు, కిటికీలోంచి చూశారు.

"ఈ పూట గాలి కాస్త చల్లబడింది కదమ్మా," అని మొదలుపెట్టారు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పండి మాస్టారూ. ఆదివారం దాకా ఖాళీయే."