నా ఫోటో మీద హెడ్మాస్టరుగారి సంతకం

నా మొహం మీద ఒక హెడ్మాస్టరుగారు ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టారు. నిజంగా! ఆ మొహంతోనే నా కాగితాలు స్టేట్ ఆఫీసుకి వెళ్ళాయి. నవ్వకండి, ముందు వినండి.

మా టెక్సస్‌లో డైటీషియన్లకి ఈ మధ్యే లైసెన్స్ పెట్టారు. నాకు డిగ్రీ ఉంది, ఇంటర్న్‌షిప్ అయింది, హ్యూస్టన్‌లో ఒక హాస్పిటల్లో ఉద్యోగం కూడా దొరికింది. కానీ మా చీఫ్ మిసెస్ డాల్టన్ మొదటిరోజే చెప్పేసింది. "నెలాఖరుకి లైసెన్స్ నా టేబుల్ మీద ఉండాలి సుగుణా. లేకపోతే నిన్ను కిచెన్లో ట్రేలు సర్దడానికి పంపాల్సొస్తుంది."

ఇంక నాకు అన్నం సహిస్తే ఒట్టు! ఫారం మూడుసార్లు టైప్ చేశాను. ఒక్క అక్షరం తప్పు పడినా మళ్ళీ మొదటినుంచీ. తీరా చివరి పేజీ చూస్తే, ఫోటో అతికించి నోటరీ చేయించాలట.

నోటరీ అంటే నాకు తెలిసిందల్లా మన కోర్టు బయట టేబులేసుకుని కూర్చునే ఆయన. హ్యూస్టన్‌లో ఆ టేబుల్ ఎక్కడని వెతకను? ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, పులిహోర ప్లేటు పట్టుకుని మేరీ అక్కని అడిగాను. పక్కనే వాళ్ళ నాన్నగారు ప్రకాశరావు మాస్టారు. కూతుర్ని చూడ్డానికి వచ్చి ఐదు వారాలైంది. మన వైపు గెజిటెడ్ హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు.

"నోటరీ దేనికమ్మా?" అన్నారు మాస్టారు. "నేను గెజిటెడ్! నోటరీ కంటే రెండు మెట్లు పైన. నేను అటెస్ట్ చేసిన కాగితాలతో ఎంతమంది ఉద్యోగాల్లో చేరారో!"

"నాన్నా, ఇక్కడ అవి చెల్లవు," అంది మేరీ అక్క.

"సర్టిఫికెట్ అన్నాక అమెరికాదైనా ఒకటే, అమలాపురందైనా ఒకటే. నువ్వూరుకో."

నాకూ అదే కరెక్టనిపించింది చూడండి! మనమంతా జిరాక్సులు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసర్ల గుమ్మాల ముందు పడిగాపులు పడ్డవాళ్ళమే కదా. అలాంటిది ఆఫీసరే ఎదురొచ్చి సంతకం పెడతానంటే వదులుకుంటామా?

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు సూట్‌కేసులోంచి రబ్బరు స్టాంపు తీశారు. అమెరికాకి స్టాంపు తెచ్చుకున్నారండీ! ఫోటో మీద సగం, ఫారం మీద సగం పడేలా సంతకం లాగారు. ఎవరూ ఫోటో మార్చేయకుండా మన వైపు అలాగే పెడతారు కదా. ఆకుపచ్చ గీత నా కన్ను మీదుగా, ముక్కు మీదుగా చెవి దాకా వెళ్ళింది. దానిమీద స్టాంపు. అక్కడితో ఆగారా? నా అనుభవం గురించి రాసిన పేరాలో రెండు కామాలు దిద్దారు. అడుగున ఇంగ్లీషులో, ఈ అమ్మాయిని ఐదు వారాలుగా ఎరుగుదును, నడవడిక సంతృప్తికరం అని రాశారు.

"ఇంక పోస్ట్ చేసెయ్ తల్లీ. దీనికి తిరుగుండదు."

వారం తర్వాత హాస్పిటల్‌కి ఫోనొచ్చింది. మా డిపార్ట్‌మెంట్ ఫోను మిసెస్ డాల్టన్ టేబుల్ మీదే ఉంటుంది. ఆవిడ ఎదురుగానే మాట్లాడాలి.

"స్టేట్ ఆఫీసు నుంచి చేస్తున్నాను. మీ ఫోటో మీద రాసిన ఆయన ఎవరు?"

"హెడ్మాస్టరండీ."

"ఏ స్కూల్?"

"ఇండియాలో. రిటైరయ్యారు."

అవతల ఆవిడ ఇంకెవరినో పిలవడం వినిపించింది.

"ఆయన టెక్సస్ నోటరీనా?"

"కాదండీ. గెజిటెడ్!"

ఏం ధీమాగా అన్నాననుకున్నారు! అటు నలుగురు కలిసి నవ్వడం వినిపించింది. తర్వాత ఆవిడే మెత్తగా చెప్పింది. "హనీ, మీ మార్కులూ ఇంటర్న్‌షిప్పూ అన్నీ సరిగ్గా ఉన్నాయి. నడవడిక కూడా బాగుందని తెలిసి సంతోషం. కానీ నోటరీ కావాలి. మొహం కనబడే ఫోటో కావాలి. శుక్రవారంలోపు తెచ్చిస్తే ఈ నెల లిస్టులో పెడతాను."

ఫోను పెట్టేసి, నోటరీ ఎక్కడ దొరుకుతారని మిసెస్ డాల్టన్‌నే అడిగాను. ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ కళ్ళద్దాలు తీసి తాపీగా, "కింద బిల్లింగ్‌లో లిండా," అంది.

లిండా! రోజూ లంచ్‌లో నా పక్కన కూర్చుని ట్యూనా శాండ్‌విచ్ తినే లిండా! ఇక్కడ మామూలు గుమాస్తా కూడా నోటరీ కావచ్చట.

కొత్త ఫోటో తీయించుకుని, నాలుగోసారి ఫారం టైప్ చేసి, లిండా దగ్గరికి పరిగెత్తాను. కుడిచెయ్యి ఎత్తమంది.

"ఇందులో ఉన్నదంతా నిజమేనని ప్రమాణం చేస్తావా?"

ప్రమాణం అనేసరికి ఎత్తిన చెయ్యి దించేశాను. "లిండా, ఒక్క మాట. ఇంటర్న్‌షిప్‌లో ఒకరోజు జ్వరమొచ్చి నలభై నిమిషాలు ముందే ఇంటికెళ్ళిపోయాను. అది కూడా పని గంటల్లో కలిపేశారు."

"సుగుణా."

"ఆఁ?"

"నోర్మూసుకుని అవునను."

అవునన్నాను. సంతకం, సీలు, అన్నీ కలిపి అర నిమిషం! గురువారం సెలవు పెట్టి బస్సులో ఆస్టిన్ వెళ్ళి, ఆ ఫోను చేసినావిడ చేతికే ఇచ్చొచ్చాను.

నెలాఖరుకి ఇంకా రెండు రోజులుందనగా లైసెన్స్ వచ్చేసింది! ట్రేల గండం గడిచింది. మిసెస్ డాల్టన్ నా చెయ్యి పట్టి ఊపేసి, అందరికీ కేకు తెప్పించింది. ఒక చేతిలో లైసెన్స్, ఒక చేతిలో ప్లేటు. కారిడార్‌లో నిలబడి ఆ ఆనందంలో రెండో ముక్క కూడా నోట్లో పెట్టేసుకున్నాను. తలెత్తితే ఎదురుగా మిస్టర్ హాకిన్స్. షుగర్ పేషంటు. జామ్ కూడా ముట్టుకోవద్దని ఆ పొద్దున్నే ఆయనకి అరగంట క్లాసు పీకాను.

ఆయన ప్లేటు చూశాడు. లైసెన్స్ చూశాడు. "కంగ్రాచులేషన్స్! ఈ లైసెన్స్ ఇలా తినడానికేనా?"

నోటినిండా కేకు. మింగాలో నవ్వాలో తెలీలేదు. లైసెన్స్ వచ్చాక నేనిచ్చిన మొట్టమొదటి ప్రొఫెషనల్ సలహా ఏంటో తెలుసా?

"సార్, అటు తిరిగి నడవండి. వాకింగ్ చాలా మంచిది."