గడపకు అడ్డం స్టూలు

సూట్‌కేసుల చాచా షాపు నేను చూస్కుంటుండంగనే, చాచా పోయిండని ఫోనొచ్చింది. మధ్యాహ్నం నమాజుకని లేచి, గడపకు అడ్డంగ స్టూలు పెట్టి, ఎప్పటిలెక్కనే జెర చూస్తుండు బిడ్డా, వస్తా అన్నడు. మసీదు మెట్ల కాడ కూలబడ్డడంట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందని ఆయన కొడుకు చెప్పిండు. నేను ఫోను పట్టుకోని ఆ స్టూలు దిక్కే చూసుకుంట నిలబడ్డ.

మీరు సికింద్రాబాద్ వస్తే మా రోడ్డు మీదికి రాకుండ పోరు. బోర్డుల మీద వేరే పేరున్నది గని మా అసొంటోళ్లకు ఇప్పటికీ జేమ్స్ స్ట్రీటే. పొద్దుగాల నుంచి ఒకటే హారన్లు, ఒకటే జనం. అంత జనంల నాకు మనిషి అన్నోడు పక్క షాపు చాచా ఒక్కడే. మా ఆయన పోయినంక జాకెట్ గుడ్డల షాపు నా నెత్తిన పడ్డది. గిరాకీ లేక నేను మొకం వేలాడేసుకుంటే, సడక్ నిండుగనే ఉన్నది గదా, ఎవరో ఒకరు మన మెట్లెక్కుతరు, పరేషాన్ గాకు అనేటోడు.

షురూల ఒకపాలి ఆయన నమాజుకు పోయినప్పుడు స్టూలు పక్కకు జరిపి గిరాకీకి ఒక బ్యాగు అమ్మిన. మెచ్చుకుంటడనుకున్న. వచ్చి చూసి మొకం మాడ్చుకున్నడు.

"స్టూలు ఎవరు పెడితే వాళ్లే తియ్యాలె బిడ్డా. నువ్వు తీసినవంటే నేనిగ రానట్టే."

మా లైన్ల పాత షాపులోళ్లందరిదీ అదే పద్ధతంట. ఇప్పుడన్నీ అద్దాల షోరూములు, ముందట గార్డులు. స్టూలు పెట్టేది మేమిద్దరమే మిగిలినం. నేను స్టూలు పెట్టి లోపల అన్నం తింటుంటే, ఆయన బయట కుర్చీ వేసుకోని, బిడ్డ తింటున్నది, జెర ఆగమ్మా అని నా గిరాకీని ఆపేటోడు. ఇంట్ల సుత నన్ను ఎవ్వరూ అంత నిమ్మళంగ తిననియ్యలే.

ఊరందరికీ సూట్‌కేసులు అమ్మిండు గని, ఆయన సీతాఫల్‌మండి ఇంటికీ షాపుకూ తప్ప యాడికీ పోలే. నాలుగు రోజులు అజ్మీర్ దర్గాకు పోయిరా చాచా, షాపు నేను చూస్త అంటే, నమాజుకు పోయొచ్చేదాంక చూడు చాలు అని నవ్వేటోడు.

చాచా పోయిన దినం పొద్దుగూకినంక ఆయన కొడుకు తాళాలు పట్టుకోని వచ్చిండు. కండ్లు ఉబ్బి ఉన్నయి. పాపం, ఆ పిలగానికి మా పద్ధతి ఏం తెలుసు.

"అక్కా, జెర ఆ స్టూలు తియ్యవా, షట్టర్ దించాలె."

నాకు చెయ్యి రాలే. తీస్తే చాచా ఇగ రానట్టే గదా. ఆ పిలగాడు ఎదురుచూస్తనే ఉన్నడు. ఏంజేస్త, తీసిన. తీసి, దాన్ని పట్టుకోనే నడి బజార్ల ఏడ్చిన. జనం పక్క నుంచి పోతనే ఉన్నరు.

స్టూలు నీ కాడనే ఉంచుకో అక్కా అన్నడు ఆ పిలగాడు. ఉంచుకున్న. చాచా షాపు మల్ల తెరువలే. అన్నం డబ్బ కౌంటర్ మీదనే పెట్టుకోని, ఒక బుక్క తిని ఒక గిరాకీకి లేస్తున్న.

నిన్న అజాన్ వినవడ్డంక పానం ఆగలే. చాచా స్టూలు తెచ్చి నా గడపకు అడ్డం పెట్టిన. జెర చూస్తుండు చాచా అనబోయి పక్కకు తిరిగిన. చాచా షాపు షట్టర్ దించే ఉన్నది. నేను పెట్టిన స్టూలే గదా, నేనే తీసిన.