పదకొండో రోజు పెట్టిన సంతకం

ఉదయం పదకొండు ఇరవైకి హేమలత నా బల్ల మీద దూద్‌పేడాల డబ్బా పెట్టింది. రెండేళ్ళ కిందటి జులై. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో రుఆబాంధా మార్కెట్ వెనక నాకు రెండు గదుల క్లినిక్ ఉంది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. మందులు రాయను. మనిషి చెప్పేది విని, పరీక్షలు చేసి, బాధ ఎక్కడిదో తేల్చి, మాటలతో చేయగలిగిన వైద్యం చేస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని.

హేమలత వాళ్ళ ఇల్లు ఊళ్ళోనే, మరోదా ప్రాంతంలో. తండ్రి అప్పలనాయుడు గారు స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యారు. సోంపేట ప్రాంతం మనుషులు. పిల్ల ఇక్కడే పుట్టింది, తెలుగు కంటే హిందీ తేలిగ్గా మాట్లాడుతుంది. ఎం.ఏ. సైకాలజీ బాగా చదివింది. ఆ వేసవిలో వేరే రాష్ట్రంలోని ఒక మానసిక వైద్యశాల ప్రవేశ పరీక్ష రాస్తానంటే రెండు నెలలు నేనే కూర్చోబెట్టి చెప్పాను. సీటు వచ్చింది. ఇక ఆ సంగతి తేలిపోయిందనుకున్నాను.

"ఆంటీ, ముందు నోరు తీపి చేసుకోండి. పీహెచ్‌డీ పక్కా అయిపోయింది. బస్సులో నలభై నిమిషాలు, బస్, అంతే."

"పీహెచ్‌డీ ఏమిటమ్మా? నీది ఆసుపత్రి సీటు కదా?"

"అది వద్దని సోమవారమే మెయిల్ పెట్టేశాను. మీరు ఇక్కడే ఉండగా అంత దూరం ఎందుకు?"

"నేనుంటే?"

"అరే ఆంటీ, మీరు కూడా!" అని నవ్వి సంచిలోంచి ఒక ప్రైవేటు యూనివర్సిటీ బ్రోచర్ తీసింది. ఆరో పేజీ తెరిచి నా వైపు తిప్పింది. బాహ్య క్లినికల్ పర్యవేక్షకులు అన్న చోట నా పేరుంది. పేరు ముందు డాక్టర్ అని ఉంది. నేను డాక్టర్ని కాను, ఎం.ఫిల్. మాత్రమే చదివాను. కింద శిక్షణ కేంద్రం అని నా క్లినిక్ చిరునామా. వారానికి పదిహేను గంటలు రోగులతో ప్రత్యక్ష అనుభవం అని రాశారు. నా క్లినిక్‌లో ఆ యూనివర్సిటీ విద్యార్థి ఒక్కరు కూడా అడుగు పెట్టలేదు.

ఈ వృత్తి తెలియనివారికి ఇక్కడ కొంత చెప్పాలి. నా రోజుల్లో ఎం.ఏ. తర్వాత ఆసుపత్రిలో రెండేళ్ళ ఎం.ఫిల్. చేసేవాళ్ళం. అది పూర్తయితే కేంద్ర రిజిస్టర్‌లో పేరు చేరేది. ఆ రిజిస్టర్‌లో పేరుంటేనే రోగిని సొంతంగా చూసే హక్కు. ఆ ఎం.ఫిల్. ఇప్పుడు మూతపడుతోంది కాబట్టి పిల్లలు డాక్టరేట్ల వైపు చూస్తున్నారు. వాటిలో సై.డి. అనేది వార్డులో చేసే డాక్టరేటు. నాలుగేళ్ళు రోగుల మధ్య ఉండి, ప్రతి కేసూ సీనియర్ ముందు పెట్టి, తిట్లు తిని నేర్చుకుంటారు. హేమలత వదులుకున్నది అది. పీహెచ్‌డీ పరిశోధన. మంచి చోట చేస్తే గొప్ప చదువే. కానీ దానంతట అది రోగిని చూసే హక్కు ఇవ్వదు. ఎవరైనా ఆ పట్టాతోనే క్లినిక్ తెరిస్తే, బోర్డు మీద డాక్టర్ అని చదివే మనిషికి తేడా తెలిసే దారి లేదు.

ఆ తేడా చిన్నది కాదు. ఒకసారి హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడలో పనిచేసే ఒక వర్క్‌షాపు ఫోర్‌మన్ తన భార్యను నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఏడు నెలలుగా ఊళ్ళో డాక్టర్ అని బోర్డు పెట్టుకున్న ఒక వ్యక్తి ఆమెకు దిగులు జబ్బని చెప్పి ఊపిరి వ్యాయామాలు చేయిస్తున్నాడు. కేస్ హిస్టరీ, అంటే రోగి కథ మొదటి నుంచి అడిగి రాసుకోవడం, ఆయన ఎప్పుడూ తీసుకోలేదు. నేను అడిగితే గంటలో బయటపడింది. ఉదయం లేవగానే తలనొప్పి, వాంతి. చేతిరాత మారిపోయింది. స్కాన్‌కి పంపాను. మెదడులో గడ్డ. వార్డులో మాకు మొదట నేర్పేది ఇదే: ఏది మనసు జబ్బు కాదో గుర్తుపట్టడం. అది పుస్తకాలు చదివితే రాదు. ఆమె మరో నాలుగు నెలలు బతికింది. ఆ బోర్డు ఇంకా ఉంది.

బ్రోచర్‌లోకి నా పేరు ఎలా వచ్చిందో గుర్తుకు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆ ఏడాది మార్చిలో మా ఆయన పోయారు. ప్లాంటులో పవర్ విభాగం. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్తూ సైకిల్ స్టాండు దగ్గర కూలబడ్డారు. మా బంధువులంతా విజయనగరం వైపు, వాళ్ళు రైలెక్కి వచ్చేసరికి మర్నాడవుతుంది. ఇక్కడ అలా జరిగినప్పుడు మన జిల్లా మనుషులే బంధువులవుతారు. పాడె మోసేది వాళ్ళే, పది రోజులూ వంతులు వేసుకుని గిన్నెలు తెచ్చేది వాళ్ళే. ఎవరు ఏ కులమో అడగరు, పిలవాల్సిన పని కూడా లేదు. మా నాన్న తరం ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. అలా వచ్చినవాళ్ళకి ఏ పని అడిగినా కాదనకూడదన్నదీ పద్ధతే. దాన్ని ఎవరూ నోటితో చెప్పరు.

సూర్యారావు ఆ నలుగురిలో ఒకడు. మా వీధి చివర ఉంటాడు, నన్ను అక్కా అంటాడు. ఆ యూనివర్సిటీలో అడ్మిషన్ల కోఆర్డినేటర్. పదకొండో రోజు సాయంత్రం, భోజనాలయ్యాక, ఒక ఫైలు తెచ్చాడు. "చిన్న ఫార్మాలిటీ అక్కా. నీ పేరుంటే మన పిల్లలకి మంచిది" అన్నాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకు తెలియలేదు. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాను.

ఇదంతా హేమలతకి చెప్పాను. ఆ అమ్మాయి పేడాల డబ్బా మూత తీయడం, పెట్టడం చేస్తూ విన్నది.

"మత్‌లబ్, అంటే మీరు అక్కడ లేరా?"

"లేను. ఎప్పుడూ లేను."

"పీహెచ్‌డీ అయ్యాక రిజిస్టర్‌లో నా పేరు రాదా?"

"ఆ పీహెచ్‌డీతో రాదు."

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేశాం. మూడోసారికి ఆఫీసు గుమస్తా ఎత్తాడు. పేరడిగి, కాగితాలు తిప్పి, వెయిటింగ్ లిస్టులో తర్వాతి అభ్యర్థి నిన్న చేరిపోయిందని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. వచ్చే ఏడాది మళ్ళీ పరీక్ష రాయమన్నాడు.

సాయంత్రం మరోదా వెళ్ళాను. అప్పలనాయుడు గారు వాకిట్లో కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. విషయమంతా చెప్పాను.

"మేం ఫర్నేస్ కాడ బతికినోళ్ళం మేడమ్. ఈ చదువుల్లో రకాలు మాకేటి తెల్తాది? మీ పేరు కనబడింది. ఇంకేటి సూడాల?"

"తప్పు నాదే."

"తప్పు మీదంటే అయిపోద్దా? పిల్ల దూరం ఎల్తానంది. నేనే ఆపినాను. మేడమే నేర్పిస్తారంట కదే, మళ్ళీ అంత దూరం దేనికే అని రోజూ పోరు పెట్టినాను." ఆయన గొంతు పెరిగింది. "ఇప్పుడు మీరొచ్చి అదంతా ఉత్తదంటే ఎలగండి?"

ఆయన మాటలో ఒక్కటీ అన్యాయం లేదు.

"చేరిపోనీండి" అన్నారు చివరికి. "ఏడాది ఇంట్లో కూకోబెట్టమంటారేటి? అది కూడా డాక్టరే గదా. బోర్డు పెట్టుకుంటే ఎవులు అడుగుతారు?"

గుమ్మం దగ్గర నిలబడ్డ హేమలత అప్పుడు మాట్లాడింది. "అదే కదా నాన్నా. ఎవరూ అడగరు. అందుకే వద్దు."

ఆయన కూతురి వైపు చూసి, "నీ ఇష్టమే. మళ్ళీ రాయి" అని లోపలికి వెళ్ళిపోయారు. నన్ను కూర్చోమని గానీ వెళ్ళమని గానీ అనలేదు.

మర్నాడు ఉదయం సూర్యారావు ఇంటికి వెళ్ళాను. స్కూటర్ తుడుస్తున్నాడు. బ్రోచర్ సీటు మీద పెట్టాను.

"ఇదేమిటి సూర్యం?"

"ఓ, వచ్చిందా? ఫొటో కూడా వేద్దామన్నాను అక్కా, వాళ్ళు వెయ్యలేదు."

"నా క్లినిక్‌కి ఎవరు వచ్చారు? పదిహేను గంటలు ఎవరు చూశారు?"

"ఏటక్కా, పొద్దున్నే ఈ లెక్కలు. అన్ని యూనివర్సిటీల్లోనూ ఇలగే రాస్తారు."

"మీ దగ్గర పోయినేడు పీహెచ్‌డీలో చేరినవాళ్ళు ఇద్దరున్నారట. వాళ్ళ లాగ్‌బుక్కులు ఎవరు నింపారు?" లాగ్‌బుక్కు అంటే విద్యార్థి ఏ రోగిని ఎంతసేపు చూశాడో రాసుకునే పుస్తకం. ప్రతి పేజీ కింద పర్యవేక్షకుడి సంతకం ఉండాలి.

"వాళ్ళే నింపుకున్నారు. నువ్వు ఖాళీ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టి ఇచ్చినావు కదా, అవి ఎనక తగిలించాం." చెప్పడంలో దాపరికం ఏమీ లేదు. అందులో దాచాల్సింది ఉందని అతనికి తోచినట్టు లేదు.

"నా పేరు తీసేయించు. సర్టిఫికెట్లు చెల్లవని నేను రాసి ఇస్తున్నాను."

గుడ్డ బకెట్లో పడేశాడు. "ఉజ్జోగం పోద్దక్కా నాది."

"ఆ అమ్మాయికి సీటే పోయింది."

"ఒక ఏడాది. ఏడాదికి ఏటవుద్ది? ఆడపిల్ల, ఇంటికాడ ఉంటాది." నా ముఖం చూడకుండా అన్నాడు. "బావని మోసిన రోజు నేను ఏటైనా అడిగానా నిన్ను?"

"ఆ రోజు అడగలేదు. పదకొండో రోజు అడిగావు."

అతని భార్య లోపలి నుంచి వచ్చి టీ తాగి వెళ్ళమంది. నేను తాగలేదు. ఇరవై ఏళ్ళలో ఆ ఇంట్లో టీ వద్దనడం అదే మొదటిసారి.

ఉత్తరాలు రాశాను. ఒకటి యూనివర్సిటీకి, ఒకటి రిజిస్టర్ నడిపే కౌన్సిల్‌కి, రెండు ఆ ఇద్దరు విద్యార్థులకి. వాళ్ళలో ఒకతను క్లినిక్‌కి వచ్చి నన్ను కోర్టుకి లాగుతానన్నాడు. కేకలేస్తున్నవాణ్ణి కూర్చోబెట్టి ఒకటే అడిగాను: లాగ్‌బుక్కులో రాసిన మొదటి రోగి గురించి చెప్పమని. అతను లేచి వెళ్ళిపోయాడు. రెండో విద్యార్థి, ఒక అమ్మాయి, ఆమె నుంచి జవాబే లేదు. యూనివర్సిటీ రెండు వాక్యాల ఉత్తరం పంపింది. నా వ్యక్తిగత పరిస్థితుల దృష్ట్యా నన్ను బాధ్యతల నుంచి తప్పిస్తున్నారట. వ్యక్తిగత పరిస్థితులంటే మా ఆయన మరణం. నేను ఎప్పుడూ లేని చోటి నుంచి నన్ను జాలితో పంపించారు. ఆ ఉత్తరం చదివినప్పుడు వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎన్నడూ రాలేదు.

ఇక్కడి తెలుగు సంఘంలో చాలామంది సూర్యారావు పక్షమే. "అంత్యక్రియలు చేసినోడి పొట్ట కొట్టింది" అని నా వెనక అన్నమాట నా దాకా వచ్చింది. నిజానికి అతని ఉద్యోగం పోలేదు. అతన్ని నేను చెడ్డవాడనుకోవడం లేదు. ఆ రోజు భుజం ఇచ్చింది నిజమే, ఏడ్చిందీ నిజమే. అయినా అతను చేసింది మోసం. ఈ రెండు మాటల్లో దేన్నీ నేను వెనక్కి తీసుకోను.

హేమలత ఆ ఏడాది ఉదయం పూట ఒక స్కూల్లో పాఠాలు చెప్పి, మధ్యాహ్నాలు చదువుకుంది. నా దగ్గరికి రాలేదు. పుస్తకాలు పంపితే తీసుకుంది. రెండోసారి పరీక్షలో మొదటి ఆసుపత్రి రాలేదు. అంతకంటే దూరంలో ఇంకొకటి వచ్చింది, చేరింది. చేరిన మరుసటి నెల ఫోన్ చేసింది. మొదటి కేస్ హిస్టరీ నాలుగు గంటలు తీసుకుందట, పద్దెనిమిది పేజీలు రాసిందట. సీనియర్ చదివి, "రోగి ఏం పని చేస్తాడో ఇందులో ఎక్కడుంది?" అని మొత్తం మళ్ళీ రాయమన్నాడట.

"తిట్టాడా?" అన్నాను.

"ఖూబ్ తిట్టారు ఆంటీ" అంది. సంతోషంగానే చెప్పినట్టు నాకు వినిపించింది. తండ్రి ఎలా ఉన్నారంటే, బాగున్నారంది. అంతకుమించి ఆయన గురించి ఏమీ చెప్పలేదు.

ఈ కేసులో రోగి లేడు. అయినా ఇరవై ఆరేళ్ళలో నాకు ఎక్కువ నేర్పింది ఇదే. సంతకం పెట్టిన మనిషి మనసు బాగోలేదని కాగితానికి తెలియదు. దాన్ని నమ్మినవాళ్ళకీ తెలియదు. దుఃఖంలో పెట్టింది కూడా సంతకమే, దాని వల్ల జరిగినదానికి నేనే జవాబు చెప్పుకోవాలి. డాక్టరేటు ఎక్కడ చేయాలని అడిగే పిల్లలకి నేనిప్పుడు చెప్పేది కూడా అక్కడి నుంచి వచ్చిందే. బ్రోచర్‌లో ఎవరి పేరున్నా, నా పేరున్నా సరే, ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, పోయిన వారం మీరు ఏ విద్యార్థిని తిట్టారో చెప్పండని అడగమంటాను. జవాబు లేకపోతే ఆ చోటు వద్దు.

అడిగే పిల్లలు మాత్రం తగ్గిపోయారు. ఆ ఉత్తరాల తర్వాత చుట్టుపక్కల కాలేజీలు నా దగ్గరికి విద్యార్థులను పంపడం మానేశాయి. పదహారేళ్ళ పాటు శనివారం మధ్యాహ్నాలు ఎం.ఏ. పిల్లలను కూర్చోబెట్టి కేస్ హిస్టరీ తీసుకోవడం నేర్పేదాన్ని. ఆ యూనివర్సిటీలో పీహెచ్‌డీ ఈ ఏడాది కూడా నడుస్తోంది. మా క్లినిక్‌లో శనివారం తరగతి ఇప్పుడు జరగడం లేదు.