దిండు గుండె డెబ్బైరెండు

యంత్రాలు కనిపెట్టి ప్రాణాలు కాపాడినవాళ్ల కథలు మీరు చాలా విని ఉంటారు. నేను తయారుచేసింది ఒక ప్రాణం తీయబోయింది. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు సగమే వస్తుంది.

సెల్‌ఫోన్లలో ఇంకా కెమెరాలు లేని రోజులు. నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. బెంగళూరు ఉద్యోగం వదిలొచ్చిన ఖాదర్ సార్ కల్లూరులో ఒక మిద్దె మీద, రేకుల గదిలో చిన్న కంపెనీ పెట్టాడు. వేలికి క్లిప్పు తగిలిస్తే నాడి ఎంత కొట్టుకుంటోందో తెర మీద చూపే పెట్టె చేయాలి. ప్రోగ్రాం రాసే పని ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన నాది.

ఎండకు ఆ గదిలో నా మెదడు మిరపకాయ బజ్జీలా వేగేది. తెర వెలుగుతోందో లేదో చూద్దామని, ఎప్పుడూ డెబ్బైరెండే చూపించమని ఒక లైను రాశాను. తీసేయడం మరిచాను. సార్ వేలికి డెబ్బైరెండు, నా వేలికీ డెబ్బైరెండు!

"సూడప్పా, ఇద్దరం ఎంత ఆరోగ్యంగా ఉండామో!" అని సార్ మురిసిపోయాడు.

పెట్టె నచ్చితే తన నర్సింగ్‌హోమ్‌కు తీసుకుంటానంది కర్నూలులో ఒక డాక్టరమ్మ. వెళ్లాం. గుండెనొప్పితో కోసిగి నుంచి వచ్చిన నరసమ్మవ్వ మంచం మీద ఉంది. క్లిప్పు తగిలించాను.

"అవ్వా, నీ గుండె శానా బాగుండాది!" అన్నాను, తెర మీద డెబ్బైరెండు చూసి.

అవ్వ లేచి కూర్చుని సంచి అందుకుంది. "బాగుంటే నాకీడ ఏం పని నాయనా? ఇంటికి పోతా."

డాక్టరమ్మ అవ్వ మణికట్టు పట్టుకుని అదిరిపడింది. "పండుకో అవ్వా! నూట నలభై కొట్టుకుంటాండాది!"

"బ్యాటరీ వీకేమో మేడం," అన్నాడు సార్.

డాక్టరమ్మ క్లిప్పు తీసి దిండు మూలకు తగిలించింది. డెబ్బైరెండు.

"ఏమప్పా, దిండు గూడా బాగుండాది. డిశ్చార్జి చేద్దామా?"

వార్డంతా నవ్వింది. సార్ నవ్వలేదు. వరండాలోకి వచ్చాక అడిగాడు: "నీ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌లో ఏమని రాయల్లప్పా? దిండ్ల గుండె డాక్టరని రాద్దునా?" ఆ వర్షాకాలంలోపే కంపెనీ మూతపడింది. ఆయన మళ్లీ బెంగళూరు బస్సెక్కాడు.

అంతకన్నా గుచ్చుకున్నది ఇంకొకటుంది. ఆ రోజు పెట్టె తెచ్చుకోవడానికి లోపలికి తిరిగి వెళితే అవ్వ నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది: "నీ మిషను మంచిది నాయనా. ఈ డాక్టరమ్మే నన్ను ఇంటికి పోనీదు."

కాబట్టి లోకంలోని సకల దిండ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చెయ్యి పట్టి చూడకుండా ఇక ఎవరి గుండె గురించీ నోరెత్తను.