చవితి చంద్రుడూ, మండపంలో లడ్డూ

మా చిన్నప్పుడు... వినాయక చవితి సాయంత్రం చీకటి పడకముందే మా నానమ్మ కిటికీలన్నీ మూసేసేది. ఆ రోజు చంద్రుణ్ని చూస్తే చెయ్యని తప్పుకు మాట పడాల్సి వస్తుందని భయం. వాకిట్లోకి వెళ్లాలన్నా తల వంచుకునే వెళ్లాలి...

దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో మాది కింది పోర్షన్. నాన్నది బత్తాయిల బండి. గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి కాయలు తెస్తే, నానమ్మ ఒక్కోటీ చేత్తో ఎత్తి చూసి, "గిది పైకే పెద్దగున్నది... లోపట అంత తొక్కే" అనేది. ఆ అనుమానపు బుద్ధి నాకూ అబ్బింది. ఎవరేం చెప్పినా ఓ పట్టాన నమ్మేదాన్ని కాదు.

పై పోర్షన్‌లోకి గుంటూరు నుంచి సుధ వాళ్లు కొత్తగా వచ్చారు. ఇద్దరం ఆరో తరగతి. సన్నటి చంద్రుడు కూడా పున్నమి చంద్రుడంతే ఉంటాడని, వెలుగు పడిన ముక్కే మనకు కనిపిస్తుందని సుధ అంది. నేను ఒప్పుకోలేదు. కోసిన దోస ముక్క కాయంత ఎలా అవుతుంది?

"జాగ్రత్తగా చూస్తే మిగతా గుండ్రం కూడా మసగ్గా కనపడుద్దే. చవితినాడు చూపిస్తా, రా."

"అమ్మో, చవితినాడా!"

"పొద్దున కథ విని అక్షింతలు వేసుకుంటాంగా... మనకేం కాదు."

నా నెత్తి మీద అక్షింతలు సరిగ్గా పడ్డాయో లేదో నాకే అనుమానం. అయినా ఆ గుండ్రం సంగతి తేల్చుకోకుండా ఉండలేకపోయాను. ఎవరికీ చెప్పనని సుధ చేత ఒట్టు వేయించుకుని, నానమ్మ వంటింట్లో ఉన్నప్పుడు డాబా ఎక్కాను.

వేళ్ల సందుల్లోంచి చూశాను... పడమటి వైపు సన్నటి వంక. కాసేపు చూస్తే, నిజంగానే, మిగతా చంద్రుడంతా బూడిద రంగులో గుండ్రంగా ఉన్నాడు! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వాళ్లమ్మ పిలిచిందని సుధ ముందు దిగిపోయింది. నేను ఇంకో అయిదు నిమిషాలు చూస్తూ ఉండిపోయాను.

తెల్లారి సందంతా గోల. మా మెట్ల పక్కనే ఉన్న మండపంలో, వినాయకుడి ముందు పెట్టిన అయిదు కిలోల లడ్డూ చిన్నదైపోయిందట! పళ్లెంలో ఒక పక్క పొడి కూడా రాలి ఉంది. వచ్చినవాళ్లందరూ వంగి చూసి "అవునవును, తగ్గింది" అన్నారు. నాకూ తగ్గినట్టే కనిపించింది.

మండపం బాధ్యత చూసే యాదగిరి కాక సుధను పిలిచాడు. "నిన్న హారతి అయినంక గీడ ఎవ్వరు లేరు. నువ్వొక్కదానివే మెట్లు దిగినవ్, నేను చూసిన. డాబా మీద ఏం పని నీకు?"

సుధ ఏమీ చెప్పకుండా నావైపు చూసింది. ఒట్టు వేసింది కదా... నేను నోరు విప్పితే చంద్రుణ్ని చూసిన సంగతి నానమ్మకు తెలిసిపోతుందని భయం. కానీ నిజం చెప్పాలంటే అది సగమే. తను దిగాక ఆ అయిదు నిమిషాల్లో ఏం చేసిందో నాకేం తెలుసు అనిపించింది. నా బుద్ధి అలాంటిది మరి.

"మా పిల్ల అలాంటిది కాదండీ" అని వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరూ వినలేదు. నిమజ్జనం దాకా పిల్లలందరూ సుధను లడ్డూ దొంగ అనే పిలిచారు. నేను పిలవలేదు... అలా పిలవొద్దని వాళ్లతో అననూ లేదు.

చివరి రోజు లడ్డూ వేలంపాట. బాలాపూర్ లడ్డూ అంత పేరు లేకపోయినా మా సందు లడ్డూకీ పాట ఉండేది. నానమ్మ అడ్డం పడింది. "తక్కువైన లడ్డుకు పాటేంది? ముందు కాంటా ఎయ్యున్రి."

నాన్న బండి మీది తక్కెడ తెచ్చాడు. ఒకవైపు అయిదు కిలోల రాయి, ఇంకోవైపు లడ్డూ. ముల్లు సరిగ్గా నడుమ నిలబడింది.

నానమ్మే అంది... "మొదాలు చిన్న స్టీలు పళ్లెంల ఉండె గద. గింత పెద్ద ఇత్తడి తాంబాళంల పెడ్తె చిన్నగనే కనవడ్తది."

"అరె... చవితినాడు హారతి అయినంక పళ్లెం మార్చింది నేనే. గప్పుడే పొడి రాలినట్టుంది" అని యాదగిరి కాక తల గోక్కుని నవ్వేశాడు. అందరూ నవ్వారు. సుధ పేరు ఎవరూ ఎత్తలేదు. పాట మొదలైపోయింది.

నేను పైకి పరుగెత్తాను. సుధ గుమ్మంలోనే నిలబడి ఉంది, అంతా విన్నట్టుంది.

"నువ్వు కూడా నేనే తీశాననుకున్నావా?"

లేదు అనడానికి నాకు ఒక్క క్షణం ఆలస్యమైంది. సుధ తలుపు వేసుకుంది. పరీక్షలయ్యాక వాళ్లు ఎల్బీనగర్ వైపు ఇల్లు మారారు. ఎంత దూరమని... నేను ఒక్కసారీ వెళ్లలేదు.

ఇప్పుడు మా సందు మండపానికి నాలుగు కెమెరాలు. చంద్రుడి గురించి ఏ సందేహమొచ్చినా ఫోనే తీర్చేస్తుంది, డాబా ఎక్కే పిల్లలు లేరు. ఎవరి తప్పో తేలడానికి ఎవరి నోటి మాటా అక్కర్లేదు. ఆ రోజుల్లో మాత్రం ఒక పిల్ల పేరు నిలబడటానికి నా ఒక్క మాటే కావాల్సి వచ్చింది...

మీరూ చిన్నప్పుడు ఎవరినైనా ఊరికే అనుమానించి, చెప్పాల్సిన మాట చెప్పకుండా ఉండిపోయారా? ఉంటే ఇక్కడ రాయండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది.

సుధా, ఇది నీ కంటపడితే... అవును, అనుకున్నాను. తప్పు నాదే.